అప్‌డేట్: మా తమ్ముడి సస్పెన్షన్ అప్పీల్ తేలింది

ఫుట్‌బాల్ లీగ్‌లో ఆడే మా తమ్ముడిని, ప్రత్యర్థిని తోశాడని నాలుగు మ్యాచ్‌లు సస్పెండ్ చేశారు, అప్పీల్‌కి వెళ్లాలా అని ఆమధ్య అడిగాను కదండీ. వెళ్లాం. రెండు మ్యాచ్‌లకి తగ్గించారు!

‘తోయనే లేదు’ అని వాదించొద్దని మీలో ఒకరు చెప్పారు. ఆ సలహాయే పనిచేసింది. వారు చెప్పిన ఉరుగ్వే ఫుట్‌బాల్ ఆటగాడు సువారెజ్ కేసూ చదివాం. 2014 ప్రపంచ కప్‌లో ప్రత్యర్థిని కొరికినందుకు ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా అతన్ని 9 అంతర్జాతీయ మ్యాచ్‌ల నుంచి తప్పించి, 4 నెలలు ఫుట్‌బాల్‌కే దూరం పెట్టింది. స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో ఉన్న క్రీడా మధ్యవర్తిత్వ కోర్టు నిషేధాన్ని అలాగే ఉంచినా, ప్రాక్టీస్ కూడా చేయకూడదనడం మరీ ఎక్కువంది. మేమూ శిక్ష ఎక్కువైందన్న మాట మీదే నిలబడ్డాం. క్లబ్ లాయరు గారు పూర్తి వీడియో పెట్టారు. ముందు అవతలి ఆటగాడు జెర్సీ లాగడం అందులో స్పష్టంగా ఉంది.

అప్పీల్ వేసినా శిక్ష ఆగలేదు, తీర్పు వచ్చేలోపే ఆ రెండు మ్యాచ్‌లూ అయిపోయాయి. అన్నాళ్లూ అమలాపురంలోనే ఉండి పొద్దున్నే కాలవగట్టు మీద పరిగెత్తేవాడు. అమ్మకి ఫోన్ మోగితే చాలు, టెన్షన్. సస్పెన్షన్‌తో పాటు వేసిన జరిమానా మాత్రం తగ్గలేదు, కట్టేస్తున్నాం. శనివారం వాడు క్లబ్‌కి బయలుదేరుతున్నాడు.