లెట్రోజోలా, క్లోమిఫెనా? షాపులో "క్యాన్సర్ మాత్ర" అన్నారు

మల్లెతీగ:
పెళ్లయి నాలుగేళ్లు, ఇంకా పిల్లలు లేరు. నాకు పీసీఓడీ, అంటే అండం సరిగా విడుదల కాని సమస్య, నెలసరి రెండు మూడు నెలలకు ఒకసారి వస్తుంది. డాక్టరమ్మ నెలసరి రెండో రోజు నుంచి ఐదు రోజులు వేసుకోమని లెట్రోజోల్ 2.5 రాశారు. మందుల షాపులో అబ్బాయి చీటీ చూసి, "ఇంట్లో ఎవరికమ్మా క్యాన్సర్?" అన్నాడు. పక్కనే మా అత్తయ్య! ఆ రాత్రి నుంచి ఆమెకు నిద్ర లేదు. మా ఆడపడుచుకు క్లోమిఫెన్ వాడితే కవలలు పుట్టారట, అదే రాయించుకోమంటున్నారు. మాత్రలు బీరువాలో అలాగే ఉన్నాయి.

పాత ఫార్మసిస్టు:
మీ అత్తయ్యగారిది ఉత్త భయం కాదమ్మా. లెట్రోజోల్ రొమ్ము క్యాన్సర్ కోసం వచ్చిన మందే. 2011 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం సంతానలేమి చికిత్సకు దాని వాడకాన్ని నిషేధించింది. ఆ రోజుల్లో చీటీలు పట్టుకొచ్చిన వాళ్లను నేనే వెనక్కి పంపాను. 2005లో ఒక వైద్య సదస్సులో, ఈ మందు వాడాక పుట్టిన 150 మంది పిల్లలలో కొన్ని లోపాలు ఎక్కువగా కనిపించాయని చెప్పారు. క్లోమిఫెన్‌కు అమెరికాలో 1967లోనే అనుమతి వచ్చింది. యాభై ఏళ్లు దాటిన మందు చేతిలో ఉండగా ఈ సాహసం ఎందుకు?

లెక్కల పిచ్చి:
ఫార్మసిస్టు గారూ, కథ 2011 దగ్గరే ఆపేశారు. 2017లో ఆ నిషేధాన్ని ఎత్తేశారు. ఆ 150 మంది పిల్లలను పోల్చింది మామూలుగా గర్భం దాల్చిన తల్లుల పిల్లలతో. చికిత్స తీసుకున్న వాళ్లను చికిత్స తీసుకున్న వాళ్లతోనే పోల్చాలి కదా! 2006లో కెనడా వైద్యులు అలా 911 మంది శిశువులను చూస్తే, లోపాలు లెట్రోజోల్ వైపు 2.4 శాతం, క్లోమిఫెన్ వైపు 4.8 శాతం.

లెట్రోజోల్ ఈస్ట్రోజెన్ తయారీని కొద్ది రోజులు తగ్గిస్తుంది. అది చూసి మెదడు అండాశయాన్ని తొందరపెడుతుంది. అండం ఉన్న తిత్తి పెరిగే కొద్దీ ఈస్ట్రోజెన్ మళ్లీ పెరుగుతుంది, మెదడు తొందరపెట్టడం తగ్గిస్తుంది. అందుకే తరచు ఒకే అండం. మందు సగానికి తగ్గడానికి పట్టేది సుమారు రెండు రోజులే కనుక, అండం విడుదలయ్యే నాటికి చాలావరకు పోతుంది. క్లోమిఫెన్ అలా కాదు. ఈస్ట్రోజెన్ ఉన్నా మెదడుకు కనబడకుండా చేస్తుంది, దానిలో ఒక భాగం వారాల తరబడి ఒంట్లో ఉంటుంది.

2014లో అమెరికాలో పీసీఓఎస్ (మీ పీసీఓడీకే ఇంకో పేరు) ఉన్న 750 మందికి ఈ రెండింటిలో ఒకటి ఇచ్చి, ఐదు నెలసరుల వరకు చూశారు. బిడ్డను ఎత్తుకున్నవారు లెట్రోజోల్‌తో 27.5 శాతం, క్లోమిఫెన్‌తో 19.1 శాతం. 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా పీసీఓఎస్‌కు మొదట లెట్రోజోల్‌నే చెబుతున్నాయి.

ఒక్క జాగ్రత్త: మీలాగా నెలసరి గతి తప్పేవారు, మాత్ర మొదలుపెట్టే ముందు గర్భం లేదని తేల్చుకోవాలి.

పలచని పొర:
నా గోడు వినండి. క్లోమిఫెన్ మూడు నెలలు వాడాను. ప్రతిసారీ స్కాన్‌లో అండం బాగా పెరిగేది, గర్భాశయం పొర మాత్రం 5 మిల్లీమీటర్లు దాటేది కాదు. స్కాన్ గదిలో ఆ అంకె వినగానే ఏడుపొచ్చేది. ఒళ్లంతా ఆవిర్లు వేరే. లెట్రోజోల్‌కు మార్చాక రెండో నెలలో నిలిచింది. నీరసం, కళ్లు తిరగడం ఉన్నాయి, ఓర్చుకున్నాను. నాకు పనిచేసింది కదా అని అందరికీ అదే మంచిదనను.

పాత ఫార్మసిస్టు:
పీసీఓడీ మాట వరకు ఒప్పుకుంటాను. కానీ కారణం తెలియని సంతానలేమిలో 900 మంది మీద 2015లో వచ్చిన అధ్యయనం చూడండి: బిడ్డ పుట్టింది క్లోమిఫెన్‌తో 23.3 శాతానికి, లెట్రోజోల్‌తో 18.7. ఇప్పుడు ప్రతి చీటీలోనూ లెట్రోజోలే!

లెక్కల పిచ్చి:
ఆ తేడా యాదృచ్ఛికం కావచ్చు. పైగా వాళ్లకు అండం మామూలుగానే విడుదలవుతుంది. మల్లెతీగ గారికి రానిదే అది. అదే అధ్యయనంలో అండాలను పెంచే హార్మోన్ ఇంజెక్షన్లతో 32.2 శాతానికి బిడ్డలు పుట్టారు, గర్భం నిలిచిన వారిలో దాదాపు మూడో వంతుకు కవలలో, ముగ్గురో. అంతమాత్రాన అందరినీ ఇంజెక్షన్లకు తోయం కదా!

ముక్కుసూటి:
ఇంత చర్చలో ఒక్కరూ అడగలేదే. అమ్మాయీ, ఈ నాలుగేళ్లలో మీ ఆయన వీర్య పరీక్ష చేయించుకున్నారా? నేను ఆరు నెలలు మాత్రలు మింగి, నెలకు మూడు స్కాన్లు చేయించుకున్నాక తేలింది, మా ఆయన వీర్యకణాల లెక్క చాలా తక్కువని. ఆ పరీక్ష ఒక్క పూట పని. నా ఆరు నెలలు ఎవరిస్తారు?

మల్లెతీగ:
లేదండీ, చేయించుకోలేదు. నిన్న అడిగితే, "నాకేం, నేను బాగానే ఉన్నాను" అన్నారు. ఇవన్నీ ఆయన చేతే అత్తయ్యకు చదివించాను. ముక్కుసూటి గారి మాట దగ్గర గొంతు కాస్త తగ్గింది. సోమవారం పొద్దున్న ల్యాబుకు వెళ్తున్నాం. మాత్రలు బీరువాలోంచి బయటికి తీశాను.

అంతా విని అత్తయ్య అడిగింది ఒకటే: "అయితే దీంతో కవలలు రారా?"

లెక్కల పిచ్చి:
2014 అధ్యయనంలో లెట్రోజోల్‌తో గర్భం దాల్చినవారిలో 3.4 శాతానికి కవలలు, క్లోమిఫెన్‌తో 7.4. అత్తయ్యగారికి మెల్లగా చెప్పండి.