ఇంట్లో ఫైబర్ నెట్ ఉండగా ల్యాండ్‌లైన్‌కూ, రెండు సెల్‌ఫోన్లకూ విడిగా డబ్బు కట్టాలా?

ప్రశ్న: నరసన్నపేట వాసి

అందరికీ నమస్కారం. మా ఇంట్లో నేను, నా భార్య, మా అమ్మగారు ఉంటాము. పాత రాగితీగ ల్యాండ్‌లైన్‌కు పన్నుతో కలిపి నెలకు 295 రూపాయలు, మా ఇద్దరి సెల్‌ఫోన్లకు రోజుకు ఒకటిన్నర జీబీ వచ్చే రీచార్జులు, ఇవి చాలవన్నట్టు కిందటేడాది పెట్టించిన ఫైబర్ నెట్ బిల్లు కడుతున్నాము. అబ్బాయి దుబాయిలోనూ, అమ్మాయి హైదరాబాదులోనూ ఉన్నారు. నెట్‌లోనే మాట్లాడుకుంటే మిగతావన్నీ మానేయవచ్చని మా తోడల్లుడు అంటున్నారు. అయితే బంధువులంతా అమ్మగారికి 08942తో మొదలయ్యే పాత నంబరుకే ఫోన్ చేస్తారు. ఏది ఉంచుకోవాలో, ఏది వదులుకోవాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: శ్రీకాకుళం, నెట్ కనెక్షన్ల పని

అయ్యా, దేశం లోపల చేసే కాల్స్‌లో మీకు మిగిలేది పెద్దగా ఏమీ లేదు. ఇతర నెట్‌వర్కులకు చేసే కాల్స్‌పై నిమిషానికి 6 పైసల లెక్క 2021 జనవరి 1తో పోయింది కాబట్టి, హైదరాబాదులోని అమ్మాయితో వాట్సాప్‌లో మాట్లాడినా, మామూలుగా మాట్లాడినా ఖర్చు ఒకటే. మీ డబ్బు పోతున్నది డేటా దగ్గర: ఇంట్లో వైఫై ఉండగా, రోజంతా ఇంటిపట్టునే ఉండే ఇద్దరి సెల్‌ఫోన్లలోనూ దాన్నే మళ్లీ కొంటున్నారు.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో ఇచ్చిన నిబంధనల వల్ల, డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్యాకులు అమ్మడం కంపెనీలకు తప్పనిసరి అయింది. మరుసటి నెలలో అవి వచ్చినప్పుడు 84 రోజుల ప్యాకు ధర సుమారు 450 నుంచి 470 రూపాయల మధ్య ఉండేది. ఇప్పటి ధర దుకాణంలో కనుక్కోండి, కానీ మీరు నోరు తెరిచి అడిగితే తప్ప అక్కడ ఎవరూ వీటి ఊసెత్తరు. ఒక వాట్సాప్ వాయిస్ కాల్‌కు నిమిషానికి ఒక ఎంబీ కూడా పట్టదు గనుక, ఇంటి వైఫై మీద ఎంత మాట్లాడినా నెట్ బిల్లులో తేడా రాదు.

ఇక ల్యాండ్‌లైన్ సంగతి. ఫైబర్ పెట్టె వెనుక నెట్ కేబుల్ గుచ్చే సాకెట్ల పక్కన, వాటికన్నా చిన్నదిగా, ఫోన్ బొమ్మతోనో ‘టెల్’ అన్న అక్షరాలతోనో ఇంకొక సాకెట్ ఉందేమో చూడండి. మీ ప్లానులో ఫోన్ సదుపాయం కూడా ఉంటే, అమ్మగారి పాత సెట్టు తీగను అందులో గుచ్చితే సరిపోతుంది. మాట ఇంటర్నెట్ మీదుగా పోతున్నదని ఆవిడకు తెలియను కూడా తెలియదు. రాగితీగ, ఫైబర్ రెండూ ఒకే సంస్థవి అయితే పాత నంబరునే ఫైబర్ మీదికి మార్చమని రాసివ్వండి. వేర్వేరు సంస్థలవైతే మాత్రం కొత్త నంబరే వస్తుంది, దాన్ని బంధువులందరికీ చెప్పుకోక తప్పదు.

జవాబు: పలాస

పై జవాబు సరైనదే గానీ, మన జిల్లాలో కరెంటు సంగతి కూడా చూసుకోవాలి. రాగితీగ ఫోనుకు కావలసిన విద్యుత్తు ఎక్స్చేంజి నుంచే తీగలో వచ్చేది కాబట్టి, ఇంట్లో దీపాలు ఆరినా ఫోన్ మోగేది. ఫైబర్ పెట్టె అలా కాదు, ఇంట్లో కరెంటు పోయిన క్షణమే ఆగిపోతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటిన తరువాత ఉద్దానంలో అనేక ఊళ్లు రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాయి. మామూలు కోతలకైతే 12 వోల్టుల మినీ యూపీఎస్ ఒకటి పెట్టెకు తగిలిస్తే కొన్ని గంటలు నడుస్తుంది. అది కొనే ముందు మీ పెట్టె అడాప్టరు మీద కూడా 12 వోల్టులే రాసి ఉందో లేదో చూసుకోండి. పెట్టె మీద ఎర్ర లైటు వెలిగితే మాత్రం తప్పు కరెంటుది కాదు. ఫైబర్ సిగ్నల్ అందడం లేదని, తీగ ఎక్కడో తెగిందనో వదులైందనో అర్థం.

ఈ కారణంగానే రెండు సిమ్ములనూ వదులుకోవద్దంటాను. బ్యాంకు ఓటీపీలు సిమ్ముకే వస్తాయి, ఆపదలో 112కు వాట్సాప్ నుంచి చేయలేము. ఇంటి లోపలి గదుల్లో సిగ్నల్ అందకపోతే ఫోన్ సెట్టింగుల్లో వైఫై కాలింగ్ ఆన్ చేయండి. మన దేశంలో పెద్ద కంపెనీలు 2019 చివర, 2020 మొదట్లో తెచ్చిన ఈ సదుపాయంతో మీ సొంత నంబరు నుంచే మామూలు కాల్ వైఫై మీదుగా వెళుతుంది. దీనికి ప్రత్యేకమైన యాప్ అక్కర లేదు, అవతలివారికి వైఫై ఉండనక్కర లేదు.

జవాబు: దుబాయిలో ఉంటున్న టెక్కలి వాసి

మాస్టారూ, ఇక్కడ వాట్సాప్‌లో కాల్స్ పనిచేయవు, రాసిన మెసేజీలు, వాయిస్ మెసేజీలు మాత్రం వెళతాయి. యూఏఈలో అనుమతి ఉన్న బోటిమ్ వంటి యాప్‌ను మీ ఫోన్‌లోనూ, అబ్బాయి ఫోన్‌లోనూ పెట్టుకుంటే ఐఎస్‌డీ రేట్లతో పని లేకుండా మాట్లాడుకోవచ్చు. పాత సలహాల్లో కనిపించే స్కైప్ 2025 మే 5న మూతపడింది, దాని కోసం వెతకవద్దు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. చూస్తే మా ల్యాండ్‌లైన్, ఫైబర్ రెండూ ఒకే సంస్థవి. నంబరు మార్పుకు రేపే దరఖాస్తు ఇస్తాను. ఇద్దరికీ డేటా లేని ప్యాకులే వేయిస్తాను. బయట తిరిగేటప్పుడు నెట్ కావాలంటే నా ఒక్క ఫోన్‌కే చిన్న డేటా ప్యాకు వేసుకుంటాను.

జవాబు: శ్రీకాకుళం, నెట్ కనెక్షన్ల పని

దరఖాస్తుతో పాటు, రాగితీగ కనెక్షను తీసుకున్నప్పుడు కట్టిన డిపాజిట్ సంగతి కూడా అడగండి. దాన్ని వెనక్కి ఇవ్వాలి, లేదా ఫైబర్ బిల్లులో సర్దుబాటు చేయాలి. పాత రసీదు దొరికితే వెంట తీసుకెళ్లండి. కొత్త పెట్టె నుంచి ఫోన్ మోగుతున్నదని చూసుకున్న తరువాతే పాత తీగ తీయనివ్వండి.