‘డోవర్ బీచ్’: వెనక్కి పోయిన అల మళ్ళీ రాదా?

ప్రశ్న (విజయనగరం, ఎం.ఏ. ఆంగ్ల సాహిత్య విద్యార్థిని)

పందొమ్మిదో శతాబ్దపు ఆంగ్లకవి మాథ్యూ ఆర్నాల్డ్ కవిత ‘డోవర్ బీచ్’ మీద సెమినార్ పత్రం రాస్తున్నాను. ఒకప్పుడు భూమి చుట్టూ నిండుగా ఉన్న మత విశ్వాసమనే సముద్రం ఇప్పుడు దిగులుగా, దీర్ఘంగా హోరుపెడుతూ వెనక్కి తగ్గిపోతోందని కవి అంటాడు. నేను చూసిన నోట్సులన్నిటిలోనూ దీనికి డార్విన్ పరిణామ సిద్ధాంతమే కారణమని ఒక్క వాక్యంలో తేల్చేశారు. నా సందేహం వేరు. మాది కళింగపట్నం దగ్గరి పల్లె. ఆటు వెనుక పోటు వస్తుందని మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. మరి సముద్రాన్నే పోలికగా తెచ్చుకున్న కవికి ఆటు ఒక్కటే ఎందుకు వినిపించింది? విశ్వాసం తిరిగి వస్తుందన్న ఆశ ఆ పోలికలోనే దాగి ఉందని రాయవచ్చునా? పెద్దలు దయచేసి చెప్పగలరు.

సమాధానం (శ్రీకాకుళం, విశ్రాంత ఆంగ్లోపన్యాసకుడు)

అమ్మా, ముందుగా డార్విన్ సంగతి. ఈ కవిత అచ్చయింది 1867లోనే అయినా, 1851లో పెళ్ళయిన కొత్తలో ఆర్నాల్డ్ తన భార్య ఫ్రాన్సెస్ లూసీతో ఇంగ్లండు ఆగ్నేయ తీరంలోని డోవర్‌కు వెళ్ళిన రోజులతోనే చాలామంది పండితులు దీని రచనను ముడిపెడతారు. డార్విన్ గ్రంథం వెలువడింది 1859లో. అందుచేత భారమంతా ఆయన మీద మోపడం సరికాదు. విశ్వాసం అంతకు ముందే కదిలింది. 1830-33 మధ్య వచ్చిన లయెల్ భూగర్భశాస్త్ర సంపుటాలు భూమి వయస్సును బైబిలు లెక్కకు అందనంత వెనక్కి జరిపాయి. ఏసు జీవితాన్ని చరిత్రకారుని దృష్టితో పరీక్షించిన జర్మన్ పండితుడు స్ట్రాస్ గ్రంథం, తరువాత జార్జ్ ఎలియట్‌గా పేరు పొందిన రచయిత్రి అనువాదంలో, 1846లో ఇంగ్లీషు పాఠకులకు అందింది. ఆర్నాల్డ్ చదువుకున్న ఆక్స్‌ఫర్డ్‌లోనే మతవాదాలు చెలరేగి, అక్కడి ప్రముఖ మతాచార్యుడు న్యూమన్ అంతటివాడు 1845లో ఆంగ్లికన్ చర్చిని విడిచి కాథలిక్కులలో చేరాడు.

ఇక మీ అసలు ప్రశ్న. దానికి జవాబు తత్త్వంలో కంటే ముందు రాళ్ళలో ఉందని నా అభిప్రాయం. మన తీరం ఇసుక తీరం; అల విరిగి పడినప్పటి హోరే మనకు పెద్దది, వెనక్కి పోయేటప్పుడు నురుగు ఇసుకలో ఇంకే సన్నని చప్పుడు తప్ప మరేమీ ఉండదు. డోవర్‌లో ఉన్నవి సుద్దకొండలు. సుద్ద సముద్రంలో అరిగిపోగా, దానిలో ఇమిడి ఉన్న చెకుముకిరాళ్ళు మిగిలిపోయి, అలల రాపిడికి గులకరాళ్ళవుతాయి. అల వెనక్కి లాగినప్పుడు ఆ రాళ్ళన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ దొర్లుతాయి. ట్రాక్టరు తొట్టి ఎత్తినప్పుడు కంకర జారే గరగర చప్పుడును తలచుకోండి. అక్కడ చెవిని పట్టుకునేది వచ్చే అల కాదు, పోయే అల. ఆర్నాల్డ్ ముందుగా ఆ చప్పుడు విన్నాడు, దాని వెంటనే ఆలోచన నడిచింది. ఈ ఒక్క మాట పట్టుకోకుండా పాఠం చెప్పడం వల్లనే మన పిల్లలకు ఆ కవిత ఎండు సిద్ధాంతంగా మిగిలిపోతున్నదని నాకు చాలా బాధ.

సమాధానం (బొబ్బిలి, ఉపాధ్యాయురాలు)

మాస్టారు చెప్పినది నిజం. అయితే పోటు కవితలో లేకపోలేదు. ఆ రాత్రి సముద్రం నిండు పోటు మీద ఉందని కవి రెండవ పంక్తిలోనే చెప్పాడు. అలలు రాళ్ళను వెనక్కి లాగి, తిరిగి వస్తూ ఒడ్డు మీదికి విసరడం, ఆ చప్పుడు మొదలై, ఆగి, మళ్ళీ మొదలవడం మొదటి చరణంలోనే ఉన్నాయి. విశ్వాస సముద్రం దగ్గరికి వచ్చేసరికి, ‘నిండు’ అనే మాటను మళ్ళీ వాడి కూడా, ఆ తిరిగి రావడాన్ని మాత్రం వదిలేశాడు. ఎదుట ఉన్నది నిండు సముద్రం, వినిపిస్తున్నది ఆటు. పైగా ‘ఇప్పుడు నాకు వినిపించేది ఇదే’ అన్న అర్థంలో, తన చెవి మీద పెట్టి చెప్పాడే గాని లోకం మీద తీర్పుగా చెప్పలేదు. కాబట్టి ఆశ దాగి ఉందని రాయకండి. ఆ పోలిక ఇవ్వగలిగిన ఆశను కవి అందుకోలేదని రాయండి.

సమాధానం (రాజాం, సాహిత్యాభిమాని)

చివరి పంక్తులను కూడా విడిచిపెట్టవద్దని మనవి. చీకటి మైదానంలో ఎవరితో పోరాడుతున్నామో తెలియని సైన్యాల చిత్రానికి మూలం ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు థూసిడిడీస్ గ్రంథంలోని, సిరక్యూస్ నగరం దగ్గరి ఎపిపోలే మిట్టమీద జరిగిన రాత్రి యుద్ధమని సాధారణంగా చెబుతారు. ఆర్నాల్డ్ తండ్రి థామస్ ఆ గ్రంథానికి సంపాదకుడు కూడా. ఆ యుద్ధం జరిగింది వెన్నెల రాత్రి. మనిషి ఆకారం కనిపించేది గాని, మనవాడో పగవాడో పోల్చుకోవడానికి వీలయ్యేది కాదు. మొదట కిటికీలోంచి చూసి మురిసిన వెన్నెలకూ, చివరి చీకటికీ మధ్య ఈ సంబంధం ఉంది. ఒకరికొకరం నిజంగా ఉందామని ప్రియురాలిని వేడుకోవడం శృంగారం కోసం కాదు. అంతటి అయోమయంలో పోల్చుకోగలిగిన ముఖం అదొక్కటే గనుక.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

మాస్టారికీ, మేడమ్ గారికీ, రాజాం వారికీ నమస్కారాలు. డార్విన్ పేరాను తీసివేశాను. రెండవ పంక్తిలోని నిండు పోటును ఇన్నిసార్లు చదివి కూడా గమనించలేదు. పత్రం ఇప్పుడు అక్కడినుంచే మొదలుపెడుతున్నాను. పండుగకు ఊరు వెళ్ళినప్పుడు, రాత్రి ఒడ్డున కూర్చుని, వెనక్కి పోయే అలను మాత్రమే విని చూస్తాను.