స్పిట్జర్ వాల్ స్ట్రీట్ షెరీఫా, ఓట్ల లాయరా?

కోనసీమ_కుర్రాడు:
మనకు ఏజీ అంటే అడ్వకేట్ జనరల్, రాష్ట్ర ప్రభుత్వ పెద్ద లాయరు. రాజ్యాంగం 165వ అధికరణం కింద గవర్నర్ నియమిస్తారు, ప్రభుత్వం మారితే రాజీనామా ఇచ్చి ఇంటికెళ్తారు. అమెరికాలో అటార్నీ జనరల్‌ను 43 రాష్ట్రాల్లో జనమే ఓటేసి ఎన్నుకుంటారు. నాకు ఆ పద్ధతే నచ్చింది. న్యూయార్క్ ఎలియట్ స్పిట్జర్‌నే చూడండి, 1999 నుంచి 2006 దాకా ఏజీ. షేర్ల మోసాల మీద 1921లో న్యూయార్క్ చేసుకున్న మార్టిన్ చట్టం దుమ్ము దులిపి, షేర్ల బ్రోకింగ్ కంపెనీ మెరిల్ లించ్ మీద పడ్డాడు. వాళ్ల ఎనలిస్టు జనాన్ని కొనమన్న షేర్‌నే లోపల ఈమెయిల్‌లో చెత్త అని రాసుకున్నాడు! 2002లో కంపెనీ 10 కోట్ల డాలర్లు కట్టింది. షేర్ మార్కెట్‌ను చూసే కేంద్ర సంస్థ ఎస్‌ఈసీ కూడా కలిశాక, మరుసటి ఏడాది పది పెద్ద సంస్థలు 140 కోట్ల డాలర్లు కట్టాయి.

ప్లీడరుగారి_మనవడు:
కట్టించాడు సరే, కోర్టులో ఏం గెలిచాడో చెప్పండి. మార్టిన్ చట్టం కింద సివిల్ కేసులో మోసం చేయాలన్న ఉద్దేశం ఉందని రుజువు చేయక్కర్లేదు. పేపర్లో పేరు పడితే షేరు పడిపోతుంది, ఆ భయానికే కంపెనీలు రాజీకొచ్చేవి. బ్యాంక్ ఆఫ్ అమెరికా మాజీ బ్రోకర్ ఒకాయన మాత్రం 2005లో జ్యూరీ ముందు నిలబడ్డాడు. 33 అభియోగాల్లో 29 వీగిపోయాయి, మిగతా నాలుగూ తేలలేదు. న్యూయార్క్ స్టాక్ ఎక్స్చేంజ్ మాజీ ఛైర్మన్ గ్రాసో జీతం ఎక్కువని 2004లో వేసిన దావా కూడా 2008లో పోయింది.

ఎడిసన్_అక్క:
మా న్యూజెర్సీలో గవర్నరే ఏజీని నియమిస్తారు, నది దాటి న్యూయార్క్‌కెళ్తే ఎన్నిక. రెండూ చూస్తున్నాను. తమ్ముడూ, మార్ష్ కేసు వదిలేశావేం? మన ఆఫీసుల్లో మూడు కొటేషన్లు తెమ్మంటే మూడూ ఒక్కడే రాయించుకొస్తాడు చూడు, అచ్చం అదే. మార్ష్ అనే ఇన్సూరెన్స్ బ్రోకర్ ముందే ఒక కంపెనీని ఖాయం చేసుకుని, మిగతావాళ్లతో కావాలని ఎక్కువ రేటు వేయించేది. ప్రీమియం కట్టేవాడు పోటీ జరిగిందనుకునేవాడు. 2005లో 85 కోట్ల డాలర్లు వెనక్కిచ్చారు. నా ఓటు ఎన్నికకే. కాకపోతే ఏజీ అంటే ‘ఆస్పైరింగ్ గవర్నర్’, గవర్నర్ కావాలని ఆశపడేవాడు, అని ఇక్కడో పాత జోకుంది. స్పిట్జరూ 2006లో గవర్నర్‌గా గెలిచాడు.

ప్లీడరుగారి_మనవడు:
నేననేదీ అదే అక్కా. కేసు ఎంచుకునేటప్పుడే కళ్లు గవర్నర్ కుర్చీ మీదుంటే ఎలా? పైగా ఎన్నికకు డబ్బు కావాలి. 1994లో ఓడి, 1998లో బొటాబొటిగా గెలిచాడు. ఆ ప్రచారాల అప్పు బ్యాంకుదని చెప్పుకున్నాడు, తీర్చింది రియల్ ఎస్టేట్ చేసే తండ్రి అని తర్వాత ఒప్పుకున్నాడు. పేదవాడు అటార్నీ జనరల్ అవుతాడా?

సాయంత్రం_బజ్జీ:
2008 మార్చిలో గవర్నర్ పదవి ఎందుకు వదిలాడో ఎవరూ రాయరేం? వేశ్యల కోసం డబ్బు కట్టి దొరికాడు. 2004లో స్టాటెన్ ఐలాండ్‌లో అలాంటి ముఠానే పట్టించింది ఈయన ఆఫీసే.

కోనసీమ_కుర్రాడు:
బజ్జీగారూ, దాన్ని నేను వెనకేసుకు రాను. ఫెడరల్ ప్రాసిక్యూటర్లు కేసు పెట్టలేదు గానీ, పరువు మిగల్లేదు. కానీ దానికీ మార్ష్ కొటేషన్లకూ ఏంటండీ సంబంధం? మనవడుగారు చెప్పిన, స్పిట్జర్ తండ్రి తీర్చిన అప్పు సంగతి మాత్రం నాకు నిజంగా తెలీదు. అది ఇబ్బందే. ఖర్చుకు గట్టి పరిమితి ఉంటే ఎన్నికే నయం అనిపిస్తోంది.

ప్లీడరుగారి_మనవడు:
ఖర్చుకు పరిమితా? మన ఎమ్మెల్యే ఎన్నికల్లోనూ ఉందిగా బాబూ.