ముందుగా రాసుకోకుండా జాజ్ ఫ్యూజన్ ఆల్బమ్ రికార్డు చేయాలంటే ఏమేం ఖాయం చేసుకోవాలి?

ప్రశ్న: విజయనగరం కీబోర్డు

సంగీతం తెలిసిన పెద్దలందరికీ నమస్కారం. నాది విజయనగరం, కీబోర్డు వాయిస్తాను. మా ఊరి మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్న ఒక మిత్రుడు, మృదంగం వాయించే ఒక అన్నయ్య, శ్రీకాకుళం నుంచి వచ్చే బేస్ గిటార్, డ్రమ్స్ కళాకారులు ఇద్దరు, నేను కలిసి జాజ్‌ను మన సంగీతంతో కలిపే ఒక ఆల్బమ్ చేయాలని నిశ్చయించుకున్నాం. ఇంతవరకూ మేమందరం ఇతరుల పాటలకే వాయించాం. భక్తిగీతాలకూ జానపదాలకూ స్టూడియోకు పిలిస్తే, సంగీత దర్శకుడు ఫోనులో వినిపించిన ట్యూన్ ఒకటి రెండుసార్లు విని, అక్కడికక్కడే బిట్లు కట్టి వాయించి వచ్చేవాళ్లం. పైడితల్లి అమ్మవారి పండుగ రోజుల్లో ఆర్కెస్ట్రాలలోనూ మా పని అదే. విన్న వెంటనే అందుకుని వాయించడం మాకు వచ్చు. ఆ నేర్పుతోనే, నొటేషన్ లేకుండా, ఒక శని ఆదివారాలు ఐదుగురం ఒకే గదిలో కూర్చుని వాయించినదే ఆల్బమ్‌గా వెలువడాలన్నది మా కోరిక.

అయితే ముందుగా ఏమీ అనుకోకుండా కూర్చుంటే అది కలగాపులగం అవుతుందేమోనన్న భయం ఉంది, అన్నీ అనుకుని కూర్చుంటే మళ్లీ పాత పనే అవుతుంది. వయొలిన్ ఖరహరప్రియ రాగంలో గాంధారాన్ని గమకంతో ఊపినప్పుడు నా కార్డ్ (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) దానికి అడ్డుపడుతోంది. చెవిలో లయ కొట్టే క్లిక్ పెట్టుకోవాలని డ్రమ్స్ కళాకారుడు, అక్కర్లేదని మృదంగం అన్నయ్య గట్టిగా పట్టుబడుతున్నారు. రికార్డు చేశాక కోసి అతికించడం సమంజసమేనా అన్న సందేహం కూడా ఉంది. ఇటువంటి పనిలో అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: శ్రీకాకుళం శ్రోత

జాజ్ రికార్డింగులను చాలాకాలంగా శ్రద్ధగా వింటూ, కీబోర్డు మీద వాటిని సాధన చేస్తున్నవాడిగా రాస్తున్నాను. ఏమీ అనుకోకుండా వాయించారని పేరుపడిన చాలా ఆల్బముల వెనుక ఒక చిన్న ఒప్పందం ఉంది. 1959లో మార్చి, ఏప్రిల్ నెలల్లో రెండు సెషన్లలో అమెరికా ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' రికార్డు చేసినప్పుడు, వాద్యకారులకు స్వరశ్రేణులూ చిన్న చిన్న రూపురేఖలూ మాత్రమే ఇచ్చాడు. ఫ్యూజన్‌కు పునాది అనదగిన 'బిచెస్ బ్రూ'ను 1969 ఆగస్టు 19, 20, 21 తేదీల్లో న్యూయార్క్‌లో రికార్డు చేశారు. జో జావినుల్, చిక్ కొరియా, జాన్ మెక్‌లాఫ్లిన్, వేన్ షార్టర్ వంటివారు, ఒకరికి మించిన డ్రమ్మర్లతో, ఇద్దరు బేస్ కళాకారులతో కలిసి ఆ గదిలో వాయించారు. వారికీ అందినది ఒక బేస్ వరస, ఒక లయ, రెండు మూడు కార్డ్‌ల సూచన, మైల్స్ చేతి సైగలు మాత్రమే. అందువల్ల మీరు శ్రుతి, స్వరాలు, తాళం, ముగింపు సైగ అనే నాలుగింటిని ఖాయం చేసుకోండి. ఎవరు ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంతసేపు వాయించాలి అన్నవి మాత్రం ఎంతమాత్రం నిర్ణయించకండి.

మీ గాంధారం సమస్యకు 'కైండ్ ఆఫ్ బ్లూ'లోనే మంచి పరిష్కారం ఉంది. అందులోని 'సో వాట్' అనే రచన మొదలయ్యే డోరియన్ అనే పాశ్చాత్య స్వరశ్రేణిలో ఉన్నవి సరిగ్గా మన ఖరహరప్రియ స్వరస్థానాలే. దానిలో పియానో వాయించిన బిల్ ఇవాన్స్ కార్డ్, రెండు శ్రుతి అంటే 'డి'ని షడ్జమంగా తీసుకుంటే, కింది నుంచి పైకి ఈ, ఏ, డి, జి, బి. మన పేర్లలో చెప్పుకుంటే రిషభం, పంచమం, షడ్జమం, మధ్యమం, ధైవతం. గమనించండి, అందులో గాంధారమూ లేదు, నిషాదమూ లేదు. ఖరహరప్రియకు ప్రాణమైన ఊపు గాంధార నిషాదాలలోనే ఉంది కనుక, ఆ రెండింటినీ మీ కార్డ్ పూర్తిగా వయొలిన్‌కు వదిలేస్తుంది. ఎడమచేత్తో షడ్జమం మోగించి, కుడిచేత్తో ఈ కార్డ్ పట్టి, వయొలిన్ కళాకారుడిని ఒక్కసారి గాంధారం మీద నిలిచి ఊపమని అడగండి. కార్డ్ అడ్డుపడడం మాట అటుంచి, గమకం ఇంకా స్పష్టంగా వినబడుతుంది.

అయితే 'సో వాట్'ను ఉన్నదున్నట్టుగా నమూనాగా తీసుకోవద్దని నా సలహా. అందులో మధ్య ఎనిమిది బార్లలో స్వరశ్రేణి మొత్తం అర స్వరం పైకి జరుగుతుంది. మృదంగం ఒక షడ్జమానికి శ్రుతి చేసి ఉంటుంది గనుక అలా జరగడం మీకు కుదరదు. దానికి బదులు స్వరాలను అలాగే ఉంచి, బేస్ గిటార్‌ను మాత్రం కొన్ని ఆవర్తనాలపాటు (తాళం చుట్లపాటు) మధ్యమం మీద నిలబెట్టండి. గ్రహభేదం వల్ల, అంటే ఆధార షడ్జమం మారినట్టు వినబడడం వల్ల, వినేవారి చెవికి అది హరికాంభోజి రాగ ఛాయగా మారుతుంది. మృదంగం షడ్జమం ఆ కొత్త ఆధారానికి పంచమం అవుతుంది కాబట్టి అపశ్రుతి అనిపించదు. ఇది బేస్ కళాకారుడు ఎవరికీ చెప్పకుండా తనంతట తాను చేయాలి, మిగిలినవారు విని అందుకోవాలి. మీరు కోరుకుంటున్న అప్పటికప్పుడు పుట్టే సంగీతం ఇటువంటి చోటనే పుడుతుందని నా గట్టి నమ్మకం.

జవాబు: మృదంగ ఉపాధ్యాయుడు

బాబూ, మీ ప్రయత్నం నాకు ఎంతో సంతోషం కలిగించింది. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా 1919లో ఆరంభమైన కళాశాల ఉన్న ఊరు మీది, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన ఊరు మీది. మన పద్ధతిలో మనోధర్మం అనేది కొత్త సంగతి కాదు. ఆలాపన, నెరవు, కల్పన స్వరాలు, మృదంగం ఒంటరిగా వాయించే తని ఆవర్తనం, ఇవన్నీ అప్పటికప్పుడు వాయించేవే. మన కచేరీలో వయొలిన్ విద్వాంసుడు గాయకుడి వెనుకనే, ఒక్క క్షణం తేడాతో, తాను ముందెన్నడూ వినని ఆలాపనను అనుసరిస్తాడు. మీ మిత్రుడికి ఆ చెవి ఉంటే సగం పని పూర్తయినట్టే.

ఇక తాళం సంగతి. మృదంగానికీ డ్రమ్స్‌కూ తగవు రాకుండా ఉండాలంటే తీర్మానాల (ముగింపు జతుల) లెక్క ఇద్దరికీ ముందే తెలిసి ఉండాలి. ఉదాహరణకు ఆదితాళంలో ఒక ఆవర్తనానికి దెబ్బకు నాలుగు చొప్పున 32 అక్షరాలు. 'తదిగిణతోం' అనే ఐదక్షరాల సొల్లును, అంటే మృదంగపు పలుకును, రెండుసార్లు అంటే పది. ఆ పదిని మూడుసార్లు వాయిస్తూ నడుమ ఒక్కొక్క అక్షరం కార్వై (విరామం) వదిలితే, 10, 1, 10, 1, 10 కలిసి సరిగ్గా 32 అవుతాయి, తరువాతి దెబ్బ సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద, పడుతుంది. మృదంగం ఈ సొల్లు ఎత్తుకోగానే డ్రమ్స్ కళాకారుడు గుర్తుపట్టి, చివరి 'తోం' దాటి సమం మీద క్రాష్ (పెద్ద పళ్లెం) కొట్టగలగాలి. ఇటువంటివి నాలుగైదు చాలు. వాటిని ఎప్పుడు వాడాలో మాత్రం రాసుకోకండి. కంటితో చెప్పుకోండి.

క్లిక్ విషయంలో మీ మృదంగం అన్నయ్య పక్షమే నాది. తని ఆవర్తనం నడుస్తున్నప్పుడు కాలప్రమాణంలో (వేగంలో) వచ్చే సన్నని బిగువు ఐదుగురికీ ఒకేసారి కలగాలి. యంత్రం చెవిలో కొడుతూ ఉంటే ఐదుగురూ యంత్రాన్నే వింటారు, ఒకరినొకరు వినరు. అయినా డ్రమ్స్ కళాకారుడి మాటలోనూ న్యాయం ఉంది. కాబట్టి మొదటి రెండు ఆవర్తనాలకు దెబ్బకు ఒక్క శబ్దం చొప్పున క్లిక్ వినిపించి, కాలప్రమాణం కుదిరాక ఆపేయమనండి. దెబ్బ లోపల నాలుగు భాగాలు కొట్టే క్లిక్ పెడితే, మృదంగం దెబ్బకు మూడు చొప్పున నడిచే తిశ్రగతిలోకి వెళ్లినప్పుడు అది అడుగడుగునా అడ్డం పడుతుంది.

మరొక్క మాట. మృదంగం ఎడమ ముఖమైన తొప్పి నాదం, డ్రమ్స్‌లో కాలితో తొక్కే పెద్ద డ్రమ్, బేస్ గిటార్, ఈ మూడూ కింది స్థాయిలోనే మోగుతాయి. మృదంగం వాయిస్తున్నంతసేపు డ్రమ్స్ కళాకారుడు కాలిని ఆపి, పళ్లేల మీద మాత్రమే కాలం నడిపితే తొప్పి మీద మోగే 'గుమికి' నాదానికి విలువ దక్కుతుంది. ఏసీ గదిలో చర్మం ఆరి శ్రుతి మారుతుంది, తొప్పికి పెట్టిన రవ్వ కూడా గట్టిపడుతుంది. ప్రతి టేకుకు ముందూ సరిచూసుకునే వ్యవధి ఇవ్వండి.

విజయనగరం కీబోర్డు

గురువుగారికి, శ్రీకాకుళం మిత్రులకు హృదయపూర్వక కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం ఆ కార్డ్‌ను వయొలిన్‌తో కలిపి వాయించి చూశాం. గాంధారం ఊపు నిజంగానే విడిగా, నిండుగా వినబడింది. ఇక మిగిలినది రికార్డింగు. మేము వెళ్లదలచిన స్టూడియోలో ఒక పెద్ద గది, దాని పక్కన గాజు తలుపు ఉన్న ఒక చిన్న గది ఉన్నాయి. అక్కడివారు ఒక్కొక్కరినీ విడిగా వాయించమంటున్నారు.

జవాబు: శబ్దగ్రాహకుడు, విజయనగరం

విడివిడిగా మాత్రం వాయించకండి. ఒకరి తరువాత ఒకరు వాయిస్తే చివర వాయించేవారికి మాత్రమే అందరి సంగీతమూ వినబడుతుంది, మొదట వాయించినవారు ఎవరికీ బదులు చెప్పలేరు. డ్రమ్స్‌ను గాజు తలుపు గదిలో పెట్టి, మిగిలిన నలుగురూ పెద్ద గదిలో, అతని ముఖం అందరికీ కనబడేలా అర్ధచంద్రాకారంగా కూర్చోండి. కీబోర్డు, బేస్ గిటార్ నేరుగా కంప్యూటర్‌కు కలిపే ఇంటర్‌ఫేస్‌లోకి వెళ్తాయి కనుక వాటితో చిక్కు లేదు. వయొలిన్ మైకులో మృదంగం కొంత వినబడుతుంది, మృదంగం మైకులో వయొలిన్ కొంత వినబడుతుంది. దానిని లోపంగా భావించవద్దు, ఆ గది గాలి రికార్డులోకి వచ్చేది దానివల్లనే. హెడ్‌ఫోన్లలో శబ్దం ఆలస్యంగా వస్తే లయ చెడుతుంది, కాబట్టి రికార్డింగు సమయంలో ఎఫెక్టులన్నీ తీసేయించి నేరుగా వచ్చే శబ్దాన్నే వినిపించమని అడగండి. మీరు శ్రుతి చేసుకోవడం మొదలుపెట్టినప్పటి నుంచి లేచి వెళ్లేవరకూ రికార్డింగు ఆపవద్దని కూడా చెప్పండి. టేకుకూ టేకుకూ మధ్య ఊరికే వాయించిన రెండు నిమిషాలే ఆ రోజుకు మేలైన సంగీతం కావడం ఈ వృత్తిలో నేను తరచూ చూశాను.

కోసి అతికించడం తప్పా అని అడిగారు. పైన ప్రస్తావించిన 1969 నాటి ఆల్బమ్‌లో నిర్మాత టియో మాసెరో టేపును అనేకచోట్ల కోసి, కొన్ని భాగాలను మళ్లీ మళ్లీ వచ్చేలా అతికించాడు. మనం వింటున్న రూపం ఆయన బ్లేడు కింద తయారైనదే. దానివల్ల వాయించినవారి మనోధర్మం తగ్గిందని నేను అనుకోను. అయితే మీ విషయంలో ఒక నియమం తప్పదు. ఒక మైకులో మరొక వాద్యం వినబడుతుంది కనుక, ఒక్క వయొలిన్‌ను మాత్రమే సరిచేయబోతే దాని నీడ మృదంగం ట్రాకులో మిగిలిపోతుంది. కోస్తే అన్ని ట్రాకులనూ ఒకే చోట కోయాలి. అది కూడా సమం మీద, క్రాష్ పడడానికి వెంట్రుకవాసి ముందు కోయాలి. పళ్లెం నాదం సాగుతూ ఉండగా కోస్తే అతుకు వెంటనే బయటపడుతుంది. ఉపాధ్యాయుల వారు చెప్పినట్టు క్లిక్‌ను మొదట్లోనే ఆపేస్తే, రెండు టేకుల కాలప్రమాణం పోనుపోను వేరుపడుతుంది. కాబట్టి ఒక టేకు చివరి భాగాన్ని మరొక టేకు మొదటి భాగానికి అతికించాలన్న ఆశ పెట్టుకోకండి. ఒకే టేకులో అనవసరమైన ఆవర్తనాలను తీసేయడానికి మాత్రం ఇబ్బంది లేదు.

జవాబు: శ్రీకాకుళం శ్రోత

శబ్దగ్రాహకుల వారితో ఒక్కచోట నేను ఏకీభవించలేను. 'బిచెస్ బ్రూ'లో అతుకులు అందంగా ఉన్నది నిజమే, కానీ ఆ బృందానికి మూడు రోజుల టేపు, ఒక నిర్మాత చెవి ఉన్నాయి. మీకు మరింత దగ్గరి ఉదాహరణ శక్తి బృందం. గిటార్ మెక్‌లాఫ్లిన్, వయొలిన్ ఎల్. శంకర్, తబలా జాకిర్ హుసేన్, ఘటం వినాయక్‌రామ్ కలిసిన ఆ బృందపు తొలి ఆల్బమ్ 1975లో శ్రోతల ఎదుట వాయించినది. కనీసం ఒక్క ట్రాకునైనా మొదటి నుంచి చివరి వరకు కోత లేకుండా ఉంచండి. అది నిడివిలో పెరిగినా, మధ్యలో కొంత తడబడినా, వినేవాడికి ఐదుగురూ దారి వెతుక్కున్న తీరు తెలుస్తుంది. పాలకొల్లు నుంచి వెళ్లిన మాండలిన్ శ్రీనివాస్ గారు తరువాతి కాలంలో మెక్‌లాఫ్లిన్‌తో వాయించిన కచేరీల రికార్డులను మీ వయొలిన్ మిత్రుడికి తప్పక వినిపించండి. ఎదుటివారు విసిరిన సంగతిని శ్రీనివాస్ గారు పూర్తిగా విన్నాక గాని బదులు చెప్పరు, ఆ ఓర్పు నేర్చుకోదగినది.

జవాబు: శబ్దగ్రాహకుడు, విజయనగరం

ఒక్క ట్రాకును కోత లేకుండా ఉంచాలన్న మాటకు నేనూ ఒప్పుకుంటున్నాను. ఎవరూ అడగని విషయం ఒకటి చెప్పి ముగిస్తాను. స్టూడియోలో బిట్లు వాయించి డబ్బు తీసుకుని వచ్చేయడం మనకు అలవాటు గనుక, ఈ సంగీతం ఎవరిదన్న ప్రశ్న మీలో ఎవరికీ తోచి ఉండదు. మన కాపీరైటు చట్టంలో 1994 సవరణ తరువాత, సంగీత రచన అనిపించుకోవడానికి అది రాతలో ఉండవలసిన అవసరం లేదు. కలిసి చేసిన పనిలో ఒకరి భాగాన్ని మరొకరి భాగం నుంచి విడదీయలేనప్పుడు అది ఉమ్మడి కర్తృత్వం అవుతుంది. వాయించినవారికి ప్రదర్శకులుగా వేరే హక్కులూ ఉన్నాయి. కాబట్టి శనివారం ఉదయం మైకులు పెట్టకముందే, స్వరకర్తలుగా ఐదుగురి పేర్లూ ఉంటాయనీ, వచ్చినదాంట్లో ఎవరి వాటా ఎంత అనీ, ఏ ట్రాకును విడుదల చేయాలన్నా ఐదుగురి సమ్మతీ కావాలనీ ఒక కాగితం మీద తెలుగులోనే రాసి అందరూ సంతకాలు చేయండి. స్టూడియో వారు మొత్తం రికార్డింగు ప్రతిని మీకు హార్డ్ డిస్కులో ఇవ్వాలన్నది కూడా అందులోనే రాసి, వారి సంతకం తీసుకోండి.