ముందే రాసిచ్చిన ట్వీటును మన ఇష్టంతోనే పెడితే అది మోసమా, ప్రచారమా?

ఏటిగట్టు (చర్చ ప్రారంభించినవారు):

2019 లోక్‌సభ ఎన్నికల సమయంలో ట్విటర్ (ఇప్పటి ఎక్స్) ట్రెండ్లు ఎలా తయారయ్యాయో వివరించే పరిశోధన పత్రం ఒకటి 2021లో వెలువడింది. కిరణ్ గరిమెళ్ళ, మరి ముగ్గురు పరిశోధకులు కలిసి చేసిన పని అది. భారతీయ జనతా పార్టీకి మద్దతుగా నడిచే 600 వాట్సాప్ గ్రూపుల్లో చేరి, వాటిలోకి వచ్చే సందేశాలను గమనించి, 75 హ్యాష్‌ట్యాగ్ ప్రచారాలకు వారు ఆధారాలు చూపించారు. ఫలానా హ్యాష్‌ట్యాగ్‌ను ట్రెండ్ చేయాలని గ్రూపులో పిలుపు వస్తుంది, దానితోపాటే ముందుగా రాసిపెట్టిన ట్వీట్ల జాబితా వస్తుంది, సభ్యులు వాటిని తమ ఖాతాల్లో పెడతారు. ఎన్నికల కాలంలో దేశవ్యాప్త ట్రెండ్లు వందల సంఖ్యలో ఈ విధంగానే పుట్టాయని ఆ పత్రం తేల్చింది.

నా అభ్యంతరం ఆ పత్రం మీద కాదు, దాన్ని ఉదహరించేవారి మీద. పిలుపు పైనుంచి వచ్చినా పాల్గొన్నవారు స్వచ్ఛందంగానే పాల్గొన్నారని ఆ పరిశోధకులే స్పష్టంగా రాశారు. గోడ మీద నినాదం రాసే కార్యకర్తకు ఆ నినాదాన్ని పార్టీ కార్యాలయమే ఇస్తుంది, ఊరేగింపులో అందరూ ఒకే మాట అరుస్తారు, దాన్ని మోసమని ఎవరూ అనరు. అదే పని ఫోనులో చేసినవారిని దొంగ ఖాతాలతో కలిపి ఒకే గాటన కట్టడం నాకు న్యాయంగా తోచడం లేదు.

పట్టిక:

ఏటిగట్టు గారూ, ఊరేగింపుతో మీరు తెచ్చిన పోలిక ఒకచోట తెగిపోతుంది. ఊరేగింపు చూసేవారికి జెండా కనిపిస్తుంది, జనాన్ని లారీల్లో తోలుకొచ్చారో లేదో కూడా ఊళ్లోవాళ్లకు తెలిసిపోతుంది. ట్రెండ్ల జాబితా చూసేవారికి ఆ జెండా కనిపించదు. దేశమంతా ఇప్పుడు దీని గురించే మాట్లాడుకుంటోంది అన్న ఒక్క సమాచారాన్నే ఆ జాబితా ఇస్తుంది, ఆ సమాచారమే అక్కడ అబద్ధమవుతోంది. ట్వీటు పెట్టిన ప్రతి మనిషీ నిజమైనవాడే కావచ్చు, ట్వీటులోని ప్రతి మాటా నిజమే కావచ్చు, అయినా చూసినవారికి అందిన లెక్క తప్పు.

ఫేస్‌బుక్ 2018 నుంచి ‘కోఆర్డినేటెడ్ ఇనాథెంటిక్ బిహేవియర్’ అనే మాటను వాడుతోంది, తెలుగులో ‘కూడబలుక్కున్న కపట ప్రవర్తన’ అనుకోవచ్చు. ఇందులో తప్పుగా లెక్కకొచ్చేది కూడబలుక్కోవడం కాదు, వెనక ఎవరున్నారో దాచడం. 2019 ఏప్రిల్ 1న, అంటే తొలి విడత పోలింగుకు పది రోజుల ముందు, ఆ సంస్థ చేసిన ప్రకటనను చూడండి. కాంగ్రెస్ ఐటీ సెల్‌తో సంబంధమున్న వ్యక్తులవని చెప్పి 687 పేజీలు, ఖాతాలు తొలగించింది. సిల్వర్ టచ్ అనే ఐటీ కంపెనీతో సంబంధమున్న వ్యక్తులవని చెప్పి మరో 15 తొలగించింది. అందరి కళ్లూ 687 మీదే పడ్డాయి. కానీ అదే ప్రకటన ప్రకారం ఆ 687లోని పేజీలను అనుసరించినవారు సుమారు 2,06,000 మంది, ఈ 15లోని పేజీని అనుసరించినవారు సుమారు 26 లక్షల మంది. ఖాతాలను లెక్కపెట్టి ప్రభావాన్ని కొలవబోతే ఎంత పక్కదారి పడతామో ఇంతకన్నా బాగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు. పైగా ఈ రెండు తొలగింపులకూ ఆధారాలు ఫేస్‌బుక్ దగ్గరే ఉన్నాయి, బయటివారెవరూ పూర్తిగా సరిచూసే వీలు లేదు. ఏ పార్టీ అభిమానికైనా ఇది కలవరం కలిగించవలసిన విషయమే.

ఆరింటి ట్యాగ్:

నేను పరిశోధకుణ్ణి కాను, పదేళ్లుగా ఒక కథానాయకుడి అభిమాన సంఘంలో ఉన్నాను. పుట్టినరోజుకు ముందు రోజు సాయంత్రం ఆరు గంటలకు మేము ట్యాగ్ విడుదల చేస్తాం. అంతకు ముందే ఇరవై, ముప్పై ట్వీట్లు రాసి పెట్టుకుంటాం. ఒకే వాక్యం పదిమంది పెడితే లెక్కలోకి రాదేమోనన్న భయంతో ఒకరు చివర చప్పట్ల బొమ్మ పెడతారు, ఇంకొకరు సినిమా పేరు మారుస్తారు, మరొకరు పాత ఫొటో జతచేస్తారు. గడియారంలో అయిదు యాభై తొమ్మిది కనిపించేసరికి వేలు బటన్ మీద సిద్ధంగా ఉంటుంది. అలాంటి ఒక సాయంత్రం నా ఖాతాను సదరు మాధ్యమం అనుమానాస్పద ప్రవర్తన అని మూసేసింది, పదకొండు రోజులు తిరిగి ఇవ్వలేదు. నా సొంత పేరు, సొంత ఫోన్ నంబరు, సొంత అభిమానం. మీ పరిశోధనల్లోని పద్ధతులు నన్నూ డబ్బులకు ట్వీట్లు వేసేవాణ్ణీ వేరుగా చూడగలవా?

పట్టిక:

చాలాసార్లు చూడలేవు, ఆ మాట ఒప్పుకోవాలి. ఈ పద్ధతుల్లో ఎక్కువ భాగం ఒకే సూత్రం మీద నడుస్తాయి. ఏ రెండు ఖాతాలు ఒకే వాక్యాన్నో, ఒకే లింకునో, ఒకే ఫొటోనో కొద్ది సెకన్ల లేదా నిమిషాల తేడాతో పదేపదే పెట్టాయో చూసి, వాటి మధ్య ఒక గీత గీస్తారు. గీతలు దట్టంగా పడ్డచోట గుంపు ఉందంటారు. ఆ కాలవ్యవధి ఎంత ఉండాలి, ఎన్నిసార్లు కలిస్తే అనుమానించాలి అన్నది పరిశోధకుడు నిర్ణయించేదే. హద్దు కాస్త సడలిస్తే మీ అభిమాన సంఘం మొత్తం వలలో పడుతుంది, బిగిస్తే చప్పట్ల బొమ్మ పెట్టి వాక్యం మార్చినవాడు తప్పించుకుంటాడు. బాట్లను, అంటే మనుషుల్లా ట్వీట్లు పెట్టే యంత్ర ఖాతాలను, గుర్తించే పరికరాలు నిజమైన మనుషులనే బాట్లుగా లెక్కేస్తున్నాయని 2020లో వెలువడిన ఒక అధ్యయనం హెచ్చరించింది కూడా.

అందుకే దక్షిణ కొరియా ఉదంతం నాకు అంత విలువైనదిగా కనిపిస్తుంది. 2012 అధ్యక్ష ఎన్నికల సమయంలో అక్కడి గూఢచార సంస్థ తన ఉద్యోగులతో మామూలు పౌరుల వేషంలో ట్వీట్లు పెట్టించింది. కేసు న్యాయస్థానానికి వెళ్లింది, ఆ సంస్థ అధిపతి వన్ సె-హూన్‌కు పడిన నాలుగేళ్ల జైలుశిక్షను 2018లో అక్కడి సుప్రీంకోర్టు ఖరారు చేసింది. కోర్టు పత్రాల ద్వారా ఆ ఖాతాల జాబితా బయటికి రావడంతో, ఎవరు నకిలీయో ముందే తెలిసిన సమాచారం పరిశోధకుల చేతికి చిక్కింది, ఈ రంగంలో అది అరుదు. ఆ ఖాతాలు యంత్రాల్లా ప్రవర్తించలేదు, ఉద్యోగుల్లా ప్రవర్తించాయి. పనిదినాల్లో, ఆఫీసు వేళల్లో జోరుగా నడిచాయి. పైనుంచి ఆదేశం తీసుకుని జీతానికి పనిచేసేవారి అలవాట్లు మనసుపడి చేసేవారి అలవాట్ల కన్నా వేరుగా ఉంటాయి. మీరు సాయంత్రం ఆరింటికి చేసేది ఆఫీసు నుంచి ఇంటికొచ్చాక చేసే పని, ఆ తేడా లెక్కల్లో దొరుకుతుంది. ఒక్క సాయంత్రపు లెక్క చూస్తే దొరకదు, నెలల తరబడి గమనిస్తే దొరుకుతుంది.

ఏటిగట్టు:

పట్టిక గారూ, జీతానికి చేసేవారి విషయంలో నాకు భిన్నాభిప్రాయం లేదు. కానీ వీటి వల్ల ఓటర్ల మనసులు మారాయా? 2016 అమెరికా ఎన్నికల్లో రష్యా నడిపిన ట్విటర్ ఖాతాల మీద 2023లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఆ ట్వీట్లు కంటపడిన సందర్భాల్లో 70 శాతం కేవలం ఒక్క శాతం వినియోగదారులవేనని, వారిలో అత్యధికులు ముందునుంచే రిపబ్లికన్ పక్షపాతులని, ఆ ట్వీట్లు చూడటానికీ అభిప్రాయాలు మారడానికీ చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదని అది తేల్చింది. ప్రభావమే లేనప్పుడు ఇంత ఆందోళన ఎందుకు?

పట్టిక:

ఆ అధ్యయనం నాకూ గౌరవనీయమే, ప్రతి ఓటమికీ బాట్లను నిందించే అలవాటుకు అది మంచి విరుగుడు. అయితే అది కొలిచింది ట్విటర్‌లో ఒక వ్యక్తి చూసిన ట్వీట్లకూ ఆ వ్యక్తి అభిప్రాయానికీ మధ్య ఉన్న సంబంధాన్ని. ట్రెండ్ నడిపేవారి గురి ఆ వ్యక్తి మీద కాదు, రాత్రి చర్చకు అంశం వెతుక్కునే టీవీ సంపాదకుడి మీద. చైనా ప్రభుత్వం కోసం రాసేవారు ఏటా సుమారు 44.8 కోట్ల వ్యాఖ్యలు పెడతారని 2017లో గ్యారీ కింగ్, జెనిఫర్ పాన్, మార్గరెట్ రాబర్ట్స్ అంచనా వేశారు. వాటిలో వాదించేవి బహు తక్కువ, ఎక్కువ భాగం జనం దృష్టిని మరోవైపు మళ్లించడానికే రాసినవి. మనసు మారిందా అని అడిగితే ఇలాంటి పని ఎప్పుడూ నిర్దోషిగానే బయటపడుతుంది. ఏ విషయం చర్చకు రాకుండా పోయింది అని అడగాలి.

ఆ ప్రశ్న అడగడానికే ఇప్పుడు దారి మూసుకుపోతోంది. పరిశోధకులకు ట్విటర్ ఉచితంగా ఇచ్చిన సమాచార మార్గం 2023లో పోయింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల బహిరంగ పోస్టులను చూపించిన క్రౌడ్‌టాంగిల్‌ను మెటా 2024 ఆగస్టు 14న ఆపేసింది. ఐరోపా సమాఖ్యలో డిజిటల్ సేవల చట్టం 40వ అధికరణం పెద్ద మాధ్యమాలు అర్హులైన పరిశోధకులకు సమాచారం ఇచ్చి తీరాలంటోంది. మన 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పరిశోధనకు మినహాయింపు ఇచ్చింది తప్ప, ఇమ్మని కంపెనీలను నిర్బంధించలేదు. 2021 నాటి ఆ పత్రంలాంటిది ఈరోజు మళ్లీ చేయబోతే ట్విటర్ వైపు సగం పని ఆదిలోనే ఆగిపోతుంది.

వాకిలి:

ఒక్క మాట అడుగుతాను. చెప్పకుండా 600 గ్రూపుల్లో చేరి గమనించడం మాత్రం సబబా? మా వీధి గ్రూపులోకి అలా ఎవరైనా వస్తే నేను ఒప్పుకోను.

పట్టిక:

వీధి గ్రూపుకూ, లింకు పంచి ఎవరైనా చేరవచ్చని పిలిచే పార్టీ ప్రచార గ్రూపుకూ తేడా ఉంది. రెండోదాంట్లో కూడా వ్యక్తుల పేర్లు, నంబర్లు బయటపడకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

ఆరింటి ట్యాగ్:

ఇదంతా చదివాక మా సంఘం గురించి ఒక సంగతి తట్టింది. మేము ట్యాగ్ వేళను ముందురోజే పోస్టరు వేసి, సంఘం పేరు పెట్టి, ట్విటర్‌లోనే అందరికీ ప్రకటిస్తాం. అవతలి హీరో అభిమానులకు కూడా అది తెలుసు. ట్రెండ్ చూసినవారెవరూ ఇది అభిమానుల పని కాదనుకోరు. ఆ వాట్సాప్ గ్రూపుల జాబితాలు అలా బయట పెట్టినవి కావు కదా.

ఏటిగట్టు:

ఆ తేడాను నేను అంగీకరిస్తున్నాను. అయినా పార్టీ తన కార్యకర్తలతో తలుపులు వేసుకుని మాట్లాడుకునే హక్కును నేను వదులుకోలేను, సమావేశంలో ఏం నిర్ణయించుకున్నారో బయటికి చెప్పాలని ఏ పార్టీనీ మనం అడగడం లేదు. కాబట్టి బాధ్యత ట్రెండ్ల జాబితా వేసే కంపెనీ మీద పెట్టాలి. ఒక హ్యాష్‌ట్యాగ్ మొదటి గంటలో ఎన్ని వేర్వేరు వాక్యాలతో వచ్చిందో, అచ్చంగా ఒకే వాక్యం ఎన్నిసార్లు వచ్చిందో జాబితా పక్కనే చూపిస్తే, గ్రూపుల్లోకి ఎవరూ దూరనక్కరలేదు. చప్పట్ల బొమ్మ పెట్టి తప్పించుకునేవారిని ఎలా లెక్కించాలో పట్టిక గారు చెప్పాలి.