స్టెప్నీ డోరు మీదే ఉంచాలా, బంపర్ మీదికి మార్చాలా?

రేగడి బండి
మాది పన్నెండేళ్ల బొలెరో. పొలం ములుగు దగ్గర, తిరుగుడు తాడ్వాయి దాకా. ఈమధ్య 215/75 ఆర్ 15 టైర్లు తీసేసి 235/75 ఆర్ 15 వేయించాను. ఎత్తులో పెరిగింది 30 మిల్లీమీటర్లే. కానీ స్టెప్నీని పాత ఇనుము కొట్టులో కాంటా మీద పెడితే రిమ్ముతో కలిపి 27 కిలోలు తూగింది. వెనక డోరు కబ్జాలు ముందే అరిగిపోయి ఉన్నాయి (భూకబ్జాలు కాదు లెండి, డోరువే). ఇప్పుడు డోరు వేయాలంటే కింద చెయ్యి పెట్టి లేపాల్సి వస్తోంది. అందుకే వెనక గట్టి బంపర్ కట్టించి, దానికో పక్క పివట్ (ఆర్మ్ తిరిగే ఇరుసు) పెట్టి, గేటులా తెరుచుకునే ఆర్మ్ మీద స్టెప్నీ బిగిద్దామనుకుంటున్నా. పివట్‌కు ఇత్తడి బుష్ (పిన్ను చుట్టూ ఉండే గొట్టం) చాలని ఒక మేస్త్రి, బేరింగే ఉండాలని ఇంకో మేస్త్రి. మీరేమంటారు?

పాత థార్
అసలు ఎందుకన్నా? కబ్జాలు కొత్తవి వేయించు, డోరు రేకు లోపలి నుంచి ఒక ప్లేటు పెట్టి బోల్టులు బిగించు, పని అయిపోతుంది. 2020లో వచ్చిన కొత్త థార్‌కు కూడా కంపెనీ వాళ్లు స్టెప్నీ డోరు మీదే ఇచ్చారు కదా. నువ్వు చెప్పే బంపర్, ఆర్మ్ కలిపితే వెనక ఇరుసు అవతల ఇంకో యాభై కిలోలు వేలాడతాయి. పైగా కూరగాయల సంచి తీయాలన్నా ముందు ఆర్మ్ తెరవాలి, తర్వాత డోరు తెరవాలి. నెల తిరక్కుండానే విసుగొస్తుంది.

రేగడి బండి
కబ్జాలు ఒకసారి మార్చాను. ఏడాది ఆగలేదు. ఇప్పుడు కబ్జా దగ్గర డోరు రేకే చీలుతోంది.

లేత్ పని
రేకు చీలిందంటే డోరు కథ అయిపోయినట్టే, ఆర్మ్‌కే పో తమ్మీ. బుష్ మాత్రం వద్దు. లెక్క చెబుతా, కాగితం తీసుకో.

టైరు 27 కిలోలు, దాని మధ్య భాగం పివట్ నుంచి 65 సెంటీమీటర్ల దూరం అనుకో. ఆర్మ్ 16 కిలోలు, దాని బరువు 45 దగ్గర పడుతుంది. 27ను 65తో, 16ను 45తో గుణించి కలిపితే 2475 కిలో-సెంటీమీటర్లు. తెరిచినప్పుడు ఈ మొత్తం పివట్‌ను పక్కకు వంచాలని చూస్తుంది. పైబేరింగుకు, కింది బేరింగుకు మధ్య 15 సెంటీమీటర్లు ఉంటే, 2475ను 15తో భాగించు, ఒక్కోదాని మీద 165 కిలోల గుంజుడు. పొట్టిగా ఉంటే బాగుంటుందని 8 సెంటీమీటర్లకు కోయిస్తే అదే 310 కిలోలకు పోతుంది. ఇత్తడి బుష్ అంత బరువు మోస్తుంది కానీ మన దుమ్ముకు అరుగుతుంది. పివట్ దగ్గర అర మిల్లీమీటరు అరిగితే ఆర్మ్ చివర నాలుగైదు మిల్లీమీటర్లు వాలుతుంది.

ట్రాక్టర్ ట్రాలీ హబ్ లాంటిది చూడు. ఎదురెదురుగా రెండు టేపర్ రోలర్ బేరింగులు, పైన మూత, గ్రీజు సీలు. వదులైతే నట్టు తిప్పితే బిగుస్తుంది, బుష్‌కు ఆ సౌకర్యం లేదు. పిన్ను ఈఎన్ 8 రకం ఉక్కు రాడ్డు, 30 కాదు 35 మిల్లీమీటర్లది పెట్టించు. వంపుకు ఓర్చే బలం మందంతో పాటే కాదు, మందం ఘనంతో పెరుగుతుంది. ఆ అయిదు మిల్లీమీటర్లకే దాదాపు 60 శాతం ఎక్కువ వస్తుంది. పిన్నును బంపర్ పైరేకుకు మాత్రమే అతికితే లాభం లేదు. పై ప్లేటు, కింది ప్లేటు రెండింటిలోంచీ దింపి, రెండు చోట్లా వెల్డింగ్ పెట్టాలి.

తాడ్వాయి రూటు
లేత్ అన్న లెక్క తప్పని అనను. కానీ అది ఆర్మ్ తెరిచి ఉన్నప్పటి లెక్క. రోజు మొత్తంలో తెరిచి ఉండేది ఎంతసేపు? పది నిమిషాలు. మిగతా సమయమంతా మూసే ఉంటుంది, బండి గుంతల్లో ఎగిరేది కూడా అప్పుడే.

నా అనుభవం చెబుతా. పేరు వద్దు, ఒక వర్క్‌షాప్‌లో మంచి టేపర్ బేరింగులతోనే కట్టించుకున్నా. మేడారం జాతర ముందు కంకర పరిచిన బాటలో రెండు నెలలు తిరిగితే, పివట్ పక్కన బంపర్ రేకు వెంట్రుకలా చీలింది. బేరింగులు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి. తప్పెక్కడంటే, ఆర్మ్ రెండో కొస కింద ఆనడానికి ఏమీ పెట్టలేదు. తాళం ఒక్కటే పట్టుకుని ఉంది. అది వెనక్కి రాకుండా ఆపింది కానీ బరువు మోయలేదు.

తర్వాత ఇంకో చోట ఆర్మ్ కొస కింద వాలు ముక్క వేయించా, దాని మీద నైలాన్ పట్టీ. మూసేటప్పుడు ఆర్మ్ దాని మీదికి కొంచెం ఎక్కి కూర్చుంటుంది. లేత్ అన్న 2475నే తీసుకోండి, ఆర్మ్ పొడవు 120 సెంటీమీటర్లు అయితే ఆ కొస మీద పడేది సుమారు 21 కిలోలే. ఆ 21 కిలోలు ఆ ముక్క మోస్తే పివట్‌ను పక్కకు వంచే గుంజుడు మూసి ఉన్నంతసేపు పోతుంది. నన్నడిగితే బేరింగు కన్నా ముందు డబ్బు పెట్టాల్సింది ఆ ముక్కకు.

లేత్ పని
వాలు ముక్క ఉండాలి, ఒప్పుకుంటా. దాన్ని చెప్పకుండా వదిలేయడం నాదే పొరపాటు. కానీ అది కిందికి పడేది మాత్రమే ఆపుతుంది. గుంతలో పడ్డాక ఆర్మ్ పైకి కూడా ఎగురుతుంది కదా, దాన్ని కిందికి గుంజి పట్టేది తాళమే. అందుకని ఉత్త గడియ పెట్టకు, లాగి బిగించే క్లాంప్ పెట్టు, దానికి తోడు ఒక అడ్డ పిన్ను. ఇంకొకటి, బండి వాలులో ఉన్నప్పుడు తెరిచిన ఆర్మ్ తనంతట తాను వచ్చి కాళ్ల మీద పడుతుంది. తెరిచిన చోట ఆగడానికి పిన్ను తప్పనిసరి.

పాత థార్
చూశారా, కబ్జాలు మార్చే పని కాస్తా బేరింగులు, క్లాంపులు, నైలాన్ దాకా పోయింది. ఇంతకన్నా స్టెప్నీని టాప్ మీద కట్టడం నయం.

తాడ్వాయి రూటు
27 కిలోలు ఒక్కడివే టాప్ మీదికి ఎక్కించి దింపి చూడు అన్నా, వానలో. స్కార్పియోలా కింద వేలాడదీసే పద్ధతి ఉంది కానీ, మా రేగడిలో బండి దిగబడితే ముందు స్టెప్నీ కోసం తవ్వాలి.

రేగడి బండి
ఆర్మ్ మీదే 20 లీటర్ల నీళ్ల క్యాన్ కూడా పెడదామనుకున్నా. పెట్టొచ్చా?

లేత్ పని
ఏ చివర? తాళం వైపు 90 సెంటీమీటర్ల దగ్గర పెడితే ఒక్క నీళ్లకే 1800 కలుస్తుంది, అంటే ఆర్మ్, టైరు కలిపిన దానికి ముప్పావు వంతు. పివట్ దగ్గర 25లో పెడితే 500. పివట్ వైపు పెట్టు, లేకపోతే సీటు వెనక పెట్టు. డీజిల్ క్యాన్ మాత్రం అక్కడ వద్దు, వెనక నుంచి ఎవడైనా గుద్దితే ముందు నలిగేది అదే.

హనుమకొండ వకీలు
ఇనుము గురించి నాకు తెలియదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో 182ఏ సెక్షన్ వచ్చింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. క్రాష్ గార్డులు, బుల్ బార్లు పెట్టొద్దని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. గట్టి బంపర్‌ను ఏ లెక్కలో చూస్తారో కట్టించక ముందే ఆర్‌టీఏ ఆఫీసులో కాగితం మీద అడగండి. నంబర్ ప్లేటు, వెనక లైట్లు టైరు చాటుకు పోతే అది వేరే కేసు.

పాత థార్
ఇదే నేను మొదట్లో చెప్పాల్సింది.

రేగడి బండి
కంపెనీ బంపర్ తీయను. దాని వెనక చాసిస్‌కు ఉన్న రంధ్రాలకే ప్లేట్లు బోల్టులతో బిగించి, చాసిస్ మీద ఎక్కడా వెల్డింగ్ లేకుండా చేస్తే కుదురుతుందా అని మేస్త్రిని అడిగాను, కొలిచి చెబుతానన్నాడు. డోరు కబ్జాలు ఉన్న వైపే పివట్, 35 పిన్ను, 15 సెంటీమీటర్ల బేరింగు గొట్టం, తాళం కొస కింద వాలు ముక్క. నీళ్లు సీటు వెనకే. నంబర్ ప్లేటు ఆర్మ్ మీదికి, దానికి చిన్న లైటు. ఈ బొమ్మ గీసుకుని సోమవారం ముందు ఆర్‌టీఏకే పోతున్నా. వాళ్లు కాదంటే డోరు రేకు మార్చే మేస్త్రి ఎవరో పాత థార్ అన్నే చెప్పాలి.